ఉక్కపోతలో బయటి చెక్క, పెరటి మొక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండ మండుతూనే గాలి నిండా తేమ ఉండే రోజుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. సగం బల్లలూ తలుపుల గురించి, సగం కుండీలూ పాదుల గురించి. వేటికవి వేరుగా కనిపించినా చాలావాటికి మూలం ఒకటే. వాన పడినంత మాత్రాన చెక్క పాడవదు, నీళ్లు పోసినంత మాత్రాన వేరు చావదు. తడిసింది ఆరడానికి వ్యవధి దొరకనప్పుడే రెండూ కుళ్లుతాయి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ వ్యవధిని ఎలా కల్పించాలన్నదే.

ప్రశ్న: తోటలో వేసుకున్న టేకు బల్లకు కిందటేడు మెరిసే వార్నిష్ మూడు పూతలు వేయించాం. ఏడాది తిరక్కుండానే పొరలు పొరలుగా లేస్తోంది, కింద చెక్క నల్లబడింది. వార్నిష్ నాసిరకమా, చెక్క నాసిరకమా?

జవాబు: రెండూ కాకపోవచ్చు. బయట ఉండే చెక్క ఒకే కొలతలో నిలవదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి ముడుచుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 65 శాతం ఉంటే చెక్కలో నీరు దాదాపు 12 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 90 శాతానికి చేరి వారాల తరబడి అలాగే ఉంటే 20 శాతం దాకా పోతుంది. గట్టిపడిన వార్నిష్ పొర ఈ ఉబ్బుకూ ముడుతకూ తగ్గట్టు సాగలేదు. కీళ్ల దగ్గరా అంచుల దగ్గరా వెంట్రుక మందాన చీలుతుంది. ఆ చీలికలోంచి దూరిన నీరు పొర కింద చిక్కుకుంటుంది, ఎండ తగలగానే ఆవిరై పొరను పైకి నెడుతుంది. దీనికి తోడు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పారదర్శకమైన వార్నిష్‌ను దాటుకుని చెక్కను చేరతాయి. చెక్క పోగులను అంటించి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. అంటే వార్నిష్ పట్టుకున్న ఉపరితలమే పొడిపొడి అవుతుంది. పట్టు పోయాక పొర ఎంత ఖరీదైనదైనా లేవక తప్పదు.

లేచిన చోట మాత్రం గీకి పైన కొత్త పూత వేయకండి, పక్కనున్న పాత పొర తర్వాత లేస్తుంది. మొత్తం తీసేయండి. గీకుడు రేకుతో పొర తీసి, 80 నంబరు సాండ్‌పేపర్‌తో, ఆ తర్వాత 120 నంబరుతో నార వెంబడే రుద్దాలి. ఇంకా నునుపు కోసం 220 దాకా పోవద్దు, నూనె లోపలికి ఇంకదు. నల్లగా ఉన్న చోట బట్టలకు వాడే బ్లీచ్ ఒక్క చుక్క వేసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో నలుపు పోతే అది బూజు. అప్పుడు ఒక పాలు బ్లీచ్‌కు మూడు పాళ్లు నీళ్లు కలిపి మెత్తటి బ్రష్షుతో రాసి, పది నిమిషాలాగి బాగా కడగాలి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. దగ్గర్లో మొక్కలుంటే ముందే నీళ్లతో తడిపి కప్పండి. చుక్కకు రంగు మారకపోతే అది మట్టి కావచ్చు, ఇనుప మరక కావచ్చు. ఇనుప మరక సంగతి ఇంకో జవాబులో ఉంది.

కడిగాక మూడు నాలుగు పొడి రోజులు ఆరనివ్వండి. తర్వాత పొర కట్టని, లోపలికి ఇంకే నూనె వాడండి. బయటి వాడకానికి తయారైనది, కాస్త రంగు కలిసినది అయితే మేలు, ఆ రంగు రేణువులే ఎండను అడ్డుకుంటాయి. పచ్చి అవిసెనూనె మాత్రం వద్దు. అది ఆరడం ఆలస్యం, పైగా బూజుకు మేత. పలుచగా రాసి, 15 నుంచి 20 నిమిషాల తర్వాత ఇంకకుండా మిగిలిన నూనెనంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే పైన జిగురుగా మిగిలి దుమ్ము పడుతుంది. పలకలకు రెండు పూతలు చాలు. కాళ్ల అడుగున, కొయ్యను అడ్డంగా కోసిన చివరల్లో మాత్రం అది తాగడం మానేదాకా వేస్తూనే ఉండండి, నీరు అన్నిటికంటే ఎక్కువగా ఎక్కేది అక్కడినుంచే.

వేళ కూడా ముఖ్యం. పొద్దున వేడెక్కుతున్న చెక్కమీద పూస్తే లోపలి గాలి వ్యాకోచించి బుడగలు తెస్తుంది. బాగా పొద్దుపోయాక పూస్తే రాత్రి మంచు పడి తెల్లగా మసకబారుతుంది. నీడలో, మధ్యాహ్నం దాటి చెక్క చల్లబడటం మొదలయ్యే వేళ సరైనది.

ఒక హెచ్చరిక. ఆరే స్వభావమున్న నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడి ఉండ లోపల పోగై, నిప్పు చూపకుండానే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి.

బల్లమీద నీటిచుక్క ముత్యంలా నిలవకుండా ఇంకిపోతోందంటే మళ్లీ ఒక పూతకు వేళైనట్టు. ఉక్క వాతావరణంలో ఆరు నెలల నుంచి ఏడాదికోసారి పడుతుంది. మెరుపే కావాలంటే పడవలకు వాడే వార్నిష్ ఐదారు పూతలు వేసి, చీలక ముందే ఏటా పైన ఒక పూత వేస్తూ పోవాలి. అంత ఓపిక లేకపోతే ఏమీ వేయకుండా వదిలేయడం కూడా తప్పు కాదు. టేకు చేవ, అంటే నడిమి ముదురు చెక్క, బూడిదరంగుకు తిరుగుతుంది కానీ ఆ మార్పు పైపైనే.

ప్రశ్న: కుండీలోని మందారం ఆకులు వేలాడుతున్నాయి. నీళ్లు చాలడం లేదేమోనని రోజుకు రెండుసార్లు పోస్తున్నాం. ఇంకా వాడుతోంది, కింది ఆకులు పసుపు పచ్చగా మారి రాలుతున్నాయి.

జవాబు: నీళ్లు వెంటనే ఆపండి. మట్టిలోకి రెండు అంగుళాలు వేలు దించి చూడండి. తడి తగిలితే మొక్క దాహంతో లేదు, ఊపిరాడక ఉంది.

మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో నీరే నిండిపోతే వేరుకు ఆక్సిజన్ అందదు. వేడి దీన్ని ఇంకా కష్టం చేస్తుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. సరిగ్గా అప్పుడే వేరు శ్వాస పెరిగి దాని అవసరం ఎక్కువవుతుంది. మరోపక్క గాలి తేమగా ఉంటే ఆకులనుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, కాబట్టి మొక్క కుండీని త్వరగా ఖాళీ చేయలేదు. పొడి వేసవిలో రోజుకు లీటరు తాగిన మొక్కకు ముసురు రోజుల్లో అదే లీటరు పోస్తే మునిగిపోయేది అందుకే. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు, పైన ఆకు వాడుతుంది. చూసినవాళ్లు దాహమనుకుని మళ్లీ పోస్తారు.

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచి నిలబడితే భయం లేదు, అది ఎండకు తట్టుకునే తీరు. తెల్లవారాక కూడా వేలాడుతుంటే వేరు చూడాల్సిందే. కుండీని పక్కకు వాల్చి మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. బాగున్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్లినది నల్లబడి మెత్తగా ఉంటుంది, లాగితే పైతోలు ఊడి లోపలి దారం మిగులుతుంది, మురుగు వాసన వేస్తుంది. మెత్తబడినవన్నీ శుభ్రమైన కత్తెరతో కోసేయండి. వేరు ఎంత పోయిందో పైన కొమ్మలూ దాదాపు అంత తగ్గించాలి, మిగిలిన వేరు మోయగలిగినంతే ఆకు ఉండాలి. కొత్త మట్టిలో నాటి, ఒకసారి నీళ్లు పోసి, వారం పదిరోజులు నీడలో పెట్టండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి.

మట్టి విషయం. తోటమట్టి ఒక్కటే కుండీలో వేస్తే కొన్ని వారాల్లో అణిగి బిగుస్తుంది. తోటమట్టి, బాగా మాగిన కంపోస్టు, గరుకు ఇసుక లేదా పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల పలుకులు) సమపాళ్లలో కలపండి. ఇసుక రేణువు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. సన్న ఇసుక బంకమట్టితో కలిస్తే ఇటుకలా తయారవుతుంది. కోకోపీట్ ఎండాకాలానికి మంచిదే కానీ తేమ రోజుల్లో నాలుగో వంతు దాటనివ్వకండి.

కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందనే నమ్మకం చాలామందికి ఉంది. అది నిజం కాదు. సన్నటి మట్టిలోని నీరు పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి తేలిగ్గా దిగదు. మట్టి అడుగుభాగం పూర్తిగా నానితేనే దిగడం మొదలవుతుంది. రాళ్లు ఎంత ఎత్తు పోస్తే ఆ నానిన పొర వేరుకు అంత దగ్గరగా వస్తుంది. తడి స్పాంజిని పళ్లెంలా అడ్డంగా పట్టుకుని, కారడం ఆగాక నిలువుగా తిప్పి చూడండి, మళ్లీ కారుతుంది. కుండీ కూడా అంతే, లోతుగా ఉన్నదే బాగా ఆరుతుంది. రాళ్లు ఆ లోతును తినేస్తాయి. వాటికి బదులు అడుగున 10 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు పెట్టి, మట్టి జారకుండా వల ముక్క వేసి, కుండీ కింద మూడు చిన్న ఆనికలు పెట్టి రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి. పళ్లెం తీసేయండి.

ప్రశ్న: చెక్క గేటు వానాకాలంలో బిగుసుకుపోతుంది. నిరుడు చిత్రిక పట్టిస్తే వేసవిలో చేయి దూరేంత సందు పడింది.

జవాబు: చిత్రిక బాగా ఉబ్బి ఉన్న రోజున పట్టి ఉంటారు. చెక్క పొడవునా దాదాపు మారదు, మార్పంతా అడ్డంలోనే. అందులోనూ చుట్టూ తిరిగే వలయాల వెంబడి జరిగే మార్పు, నడిమి నుంచి బయటికి జరిగే దానికి సుమారు రెట్టింపు. టేకు స్థిరమైన చెక్కే, అయినా వలయాల వెంబడి కోసిన 100 మిల్లీమీటర్ల పలకలో నీరు 10 శాతం నుంచి 16 శాతానికి పెరిగితే వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అలాంటివి ఎనిమిది సందు లేకుండా అంటిస్తే గేటు మొత్తం ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. గేటు బిగిసేది ఆ లెక్క వల్లే.

ఇప్పుడున్న గేటును ఇక కోయకండి. పొడి రోజుల్లో విప్పి, పైఅంచు, కిందిఅంచు, కీలు పట్టే పక్కలు, అన్నీ పూత వేయించండి. ముందూ వెనకా మాత్రమే పూసి అంచులు పచ్చిగా వదిలితే నీరు అక్కడినుంచే ఎక్కుతుంది. ఒక వైపే పూస్తే పలక గిన్నెలా వంగుతుంది కూడా. కొత్త గేటు చేయించేటప్పుడు పలకలు ఒకదాన్నొకటి అంటుకోకుండా, గాడిలో నాలుక కూర్చునే కీలుతో, జిగురు లేకుండా, పలక పలకకూ రెండు మిల్లీమీటర్లు వదలమనండి. మేకు ప్రతి పలకకు వెడల్పులో నడిమిన ఒకటే ఉండాలి. రెండు పక్క అంచులా కొడితే ఉబ్బడానికి తావు లేక పలక పగులుతుంది.

ప్రశ్న: కొత్త బెంచీమీద ప్రతి స్క్రూ చుట్టూ నీలి నలుపు మరక. రుద్దితే పోవడం లేదు.

జవాబు: ఇది బూజు కాదు. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, నీరు కలిస్తే సిరాలాంటి నల్లటి పదార్థం ఏర్పడుతుంది. మామూలు ఇనుప స్క్రూలు, పూత గీసుకుపోయిన జింక్ స్క్రూలు, ఇనుప పీచుతో రుద్దినప్పుడు చిక్కుకున్న ముక్కలు, అన్నీ దీనికి కారణమే.

ముందు స్క్రూలు మార్చండి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు, సముద్రపు గాలి తగిలే చోట 316 రకం కావాలి. మార్చకుండా మరక తీస్తే మళ్లీ వస్తుంది. తర్వాత లీటరు గోరువెచ్చని నీటిలో 60 నుంచి 100 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం ప్లాస్టిక్ పాత్రలో కరిగించి, మరకమీదే కాక ఆ పలక మొత్తానికీ రాయండి. ఒక్క మరకకే రాస్తే ఆ చోటు తెల్లమచ్చగా మిగులుతుంది. పావుగంట నుంచి అరగంటలో రంగు విరిగాక రెండుమూడుసార్లు కడగండి. ఇది విషం. గ్లవ్స్ వేసుకోండి, ఆరిన పొడిని రుద్ది పీల్చకండి, పిల్లలకు అందనివ్వకండి. బ్లీచ్ వాడిన చోట పూర్తిగా కడిగి ఆరకుండా ఇది వాడకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ప్రశ్న: గులాబీ ఆకులపై మచ్చలు. కొందరు రోజూ ఆకులు కడగమంటారు, కొందరు తడపవద్దంటారు.

జవాబు: ఏ మచ్చ అన్నదాన్ని బట్టి. అంచులు చీలినట్టున్న నల్లటి గుండ్రని మచ్చ, చుట్టూ పసుపు ఉంటే నల్లమచ్చ తెగులు. దాని బీజం మొలకెత్తి ఆకులోకి దూరాలంటే ఆకు దాదాపు ఏడు గంటలు తడిగా ఉండాలి. సాయంత్రం పైనుంచి నీళ్లు చల్లితే రాత్రంతా ఆ అవకాశం ఇచ్చినట్టే. పొద్దున్నే, మొదట్లో మాత్రమే పోయండి. మచ్చలున్న ఆకులు ఏరి పారేయండి, కంపోస్టులో వేయకండి. పొద నడుమ అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మలు తీసేస్తే గాలి ఆడి ఆకు త్వరగా ఆరుతుంది.

పిండి చల్లినట్టు తెల్లగా, చిగుర్లు ముడుచుకుని ఉంటే అది బూడిద తెగులు. దానికి ఆకుమీద నీరు అక్కర్లేదు, రాత్రి గాలి తేమే చాలు. దీనికి నీటిలో కలిసే గంధకపు పొడి లీటరుకు 3 గ్రాములు పిచికారీ చేయవచ్చు. కానీ ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున చేస్తే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టకూడదు, కారణం అదే.

ప్రశ్న: పందిరి గుంజలు నేలలో పాతి చుట్టూ కాంక్రీటు పోశాం. నేల దగ్గర మెత్తబడుతున్నాయి. కింది భాగం గట్టిగానే ఉంది.

జవాబు: కుళ్లు పుట్టించే శిలీంధ్రానికి తడి, గాలి రెండూ కావాలి. లోతున గాలి తక్కువ, పైన తడి నిలవదు, నేలమట్టం దగ్గర రెండూ దొరుకుతాయి. పైగా చాలా శిలీంధ్రాలకు 24 నుంచి 32 డిగ్రీల వేడి బాగా అనుకూలం. చెక్క 20 శాతంలోపు తేమతో ఉంటే కుళ్లదు. కాంక్రీటు చుట్టూ గిన్నెలా ఉండి, గుంజ కాస్త ముడుచుకోగానే ఏర్పడే సందులో వాననీరు నిలిచి ఆ హద్దును దాటిస్తోంది.

స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి. బలం పెట్టకుండానే అర అంగుళం దిగితే ఆ గుంజ బరువు మోయదు, మార్చాలి. పైపైన మాత్రమే మెత్తగా ఉంటే గీకి, ఆరబెట్టి, కాంక్రీటు పైభాగాన్ని గుంజనుంచి బయటికి వాలుగా సరిచేసి, సందును సాగే సీలంట్‌తో నింపండి. ఇది వాయిదా మాత్రమే. కొత్తవి వేస్తే చెక్కను నేలలో పాతకండి. కాంక్రీటు దిమ్మెలో గాల్వనైజ్డ్ ఇనుప పాదం బిగించి, గుంజ అడుగు నేలకు కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తున నిలపండి.

చెక్క ఎన్నుకునేటప్పుడు చేవ చూడండి. టేకు అయినా, మద్ది అయినా పక్కనుండే తెల్లచెక్కకు ఆ బలం లేదు, పుచ్చు పట్టేదీ ముందు కుళ్లేదీ అదే. బోరాక్స్ మందు పూస్తే చాలంటారు. కప్పు కింద చెక్కకు అది మంచి మందే. నేలను తాకే చోట వానకు కరిగి కొట్టుకుపోతుంది.

ప్రశ్న: టమాటా మొక్క నిండా పూత, కాయ మాత్రం లేదు. పూలు కాడతో సహా రాలుతున్నాయి.

జవాబు: పగలు 32 నుంచి 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటుతుంటే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. దానికి గాలి తేమ తోడైతే మిగిలిన పుప్పొడి ముద్దకట్టి రాలదు. ఎరువు లోపం కాదు, నత్రజని ఇంకా పెంచితే ఆకే పెరుగుతుంది. పొద్దున పది గంటల తర్వాత, పువ్వు పొడిగా ఉన్నప్పుడు పూగుత్తి కాడను వేలితో నాలుగైదుసార్లు తట్టండి. మధ్యాహ్నం 30, 35 శాతం నీడవల మొక్కకు రెండడుగుల పైన కట్టండి, ఆనించి కప్పితే గాలి ఆగి ఇంకా చెడుతుంది. రాత్రులు చల్లబడ్డాక కాయ దానంతటదే నిలుస్తుంది.

ఆకు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం ఒకటి రెండు రోజుల్లో వాలిపోతే అది వేరే సంగతి. కాండం మొదట్లోంచి ముక్క కోసి, గాజుగ్లాసు నీటిలో వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో పాలలాంటి దారాలు కారితే బాక్టీరియా ఎండు తెగులు. మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసేయండి. ఆ చోట వంగ, మిరప, టమాటా కొన్నేళ్లు వేయకండి.

ప్రశ్న: వానకు తడవకుండా తోట కుర్చీలకు ప్లాస్టిక్ పట్టా చుట్టి కడుతున్నాం. తీసి చూస్తే బూజు.

జవాబు: నేలనుంచీ చెక్కనుంచీ లేచే ఆవిరి పట్టా లోపలివైపు చెమటపట్టి మళ్లీ కుర్చీమీదే పడుతోంది. చుట్టడం మానండి. పైన మాత్రమే, చెక్కకు జానెడు ఎత్తున, పక్కలు తెరిచి వాలుగా కట్టండి. అది వీలుకాకపోతే కప్పకపోవడమే మేలు.

ప్రశ్న: గోడకు చెక్క జాలీ బిగించి తీగ పాకించాలని ఉంది. చెక్కా తీగా రెండూ బతకాలంటే?

జవాబు: జాలీని గోడకు ఆనించకండి. 5 నుంచి 8 సెంటీమీటర్ల దిమ్మెలు పెట్టి ముందుకు జరిపి బిగించండి. వెనకనుంచి గాలి పోతేనే ఆకుల చాటున చెక్క ఆరుతుంది. కింది అంచు నేలకు జానెడు ఎత్తున ఆపాలి. వాన చిమ్మే మట్టి తగలదు, చెదలు మట్టి దారి కట్టుకుంటూ ఎక్కితే ఆ ఖాళీలో కంటికి కనిపిస్తాయి. ఆకులు, గడ్డి మొదట్లో పరిస్తే 5 సెంటీమీటర్ల మందం చాలు, కాండానికీ చెక్కకూ నాలుగు వేళ్ల దూరం వదిలి పరవండి.

కాండం లావై కొయ్యను విరగ్గొట్టే తీగ కాకుండా సన్నటి తీగను ఎన్నుకోండి. ఏటా ఉక్క మొదలవకముందే మూడో వంతు పలచన చేయండి. దట్టంగా ఉంటే పిండినల్లి చేరుతుంది. చీమల బారు కనిపిస్తే దాని వెంట వెళ్లి చూడండి, నల్లి అక్కడే ఉంటుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల ద్రవసబ్బు కలిపి, ఎండ పోయాక ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. వారానికోసారి మూడు వారాలు చేస్తేనే గుడ్లనుంచి వచ్చిన పిల్లలు కూడా పోతాయి.

జాలీని దిమ్మెలకు బిగించేటప్పుడు కింద రెండు స్టెయిన్‌లెస్ బందులు, పైన రెండు కొక్కేలు పెట్టించండి. పూతకు వేళైనప్పుడు పైకొక్కేలు విప్పి, తీగను కోయకుండానే జాలీని ముందుకు వాల్చి, వెనకవైపు గీకి నూనె పూయవచ్చు.